పటాన్‌చెరు ముద్ర

సంగారెడ్డిలో నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో సగంమంది నా పాత విద్యార్థులు, సగంమంది చేతిలో పాత కార్డులున్నవాళ్లు. ముప్ఫై ఏళ్లు ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో తపాలా బిళ్లలు, కార్డులు పోగుచేసే అలవాటు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. పాత కార్డుకు విలువ కట్టాలంటే ఈ చుట్టుపక్కల నా దగ్గరికే పంపుతారు. ఈ మధ్య ఫోన్లలో ఏవో వీడియోలు తిరుగుతున్నాయి, ఇంట్లో పాత కార్డు ఉంటే చాలు లక్షలొస్తాయని. అవి చూసి పాపం ఆశగా వస్తారు. నేను భూతద్దం పెట్టి చూసి, ఉన్నమాట చెప్పి, చాయ్ తాగించి పంపిస్తాను.

ఉన్నమాట ఏమిటంటే చాలా కార్డులకు విలువ ఉండదు. నిజాం కాలంనాటి కార్డు, నాలుగు భాషల అక్షరాలున్నది, మూలలు నలగకుండా దొరికితే అది వేరే సంగతి. మా తరం వాడిన కార్డులు కోట్లలో అచ్చయ్యాయి. పైగా మన ఇళ్లలో ఉత్తరాలను ఇనుప తీగకు గుచ్చి వేలాడదీసేవాళ్లు. చిల్లు పడిన కార్డును ఎవరూ కొనరు. ఇక మిగిలేది ముద్ర. కార్డును ఏ ఊరి డబ్బాలో వేస్తే ఆ ఊరి తపాలా ముద్ర బిళ్ల మీద పడుతుంది. చేరిన ఊరి ముద్ర పక్కన ఎక్కడో పడుతుంది. నూటికి తొంభై ముద్రల్లో సిరా అలుక్కుపోయి ఉంటుంది. గుండ్రంగా, ఊరిపేరూ తేదీ చదవగలిగేట్టు పడిన ముద్ర కోసం నాలాంటివాళ్లు ఏళ్లతరబడి వెతుకుతారు. నాకున్న పిచ్చి ఇంకొంచెం ముదిరినది. పాత మెదక్ జిల్లాలోని ప్రతి తపాలా కార్యాలయం ముద్రా ఒక్కొక్కటి సంపాదించాలని. జోగిపేట, సదాశివపేట, నర్సాపూర్, జహీరాబాద్ దొరికాయి. పటాన్‌చెరుది, అక్కడ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులది, మంచిది మాత్రం దొరకలేదు. దొరికినవన్నీ నల్లటి మరకలే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను చేసిన పని ఇందులోంచే వచ్చింది.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి. తెల్లచీర, చేతిలో బైబిలు పెట్టుకునే జిప్పు సంచి. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తానని, కిష్టారెడ్డిపేటలో కిరాయికి ఉంటానని చెప్పింది. తనతో పనిచేసే ఒకామె కొడుకు నా దగ్గర చదివాడట. వాడే పంపాడు.

"ఆరాధన అయినంక అట్లనే బస్సెక్కి వచ్చిన సార్. మా అమ్మ ప్రభువు దగ్గరికి పోయి రెండు నెలలైంది. పెట్టె సర్దుతుంటె గివి దొరికినయి. మా నాయిన రాసిన కార్డులు. మా దోస్తేమో ఫోన్ల సూపిచ్చి, లక్షలొస్తయంటది," అని తనే కొంచెం నవ్వింది. "రావని నాకు తెల్సు. ఊకె అడిగి పోదామని."

సంచిలోంచి ఒక గుడ్డమూట తీసి విప్పింది. ముప్ఫై ఒక్క కార్డులు. పులి తల అచ్చువేసిన పదిహేను పైసల కార్డులు. పసుపురంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఒక్కదానికీ చిల్లు లేదు. ఆ కాలంలో ఒక పల్లెటూరి ఇంట్లో కార్డులను తీగకు గుచ్చకుండా, గుడ్డలో చుట్టి దాచిన మనిషి ఎలాంటిదో అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే నా కళ్లు ముద్రల మీదికి పోయాయి.

నేను చూస్తుంటే ఆమె చెబుతూ కూర్చుంది. వాళ్లది సంగారెడ్డికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక ఊరు. తనకు ఆరేళ్లప్పుడు తండ్రి పనికోసం బొంబాయి వెళ్లాడు. మొదట్లో రెండు నెలలకోసారి కార్డు వచ్చేది. తర్వాత మూడు, నాలుగు నెలలకోసారి. ఏడేళ్లు అలా వచ్చి ఆగిపోయాయి. మనిషి తిరిగి రాలేదు. తల్లికి చదువు రాదు. ఊరికి ఉత్తరాలు తెచ్చే పోస్టాయనే వాకిట్లో నిలబడి చదివి వినిపించేవాడు. ఈమె బడిలో ఉండేది. సాయంత్రం వచ్చాక తల్లి ఆ మాటలన్నీ ఒక్కటీ మరిచిపోకుండా తిరిగి చెప్పేది.

"బొంబాయిల సముద్రముంటదని నాకు గట్లనే తెల్సింది సార్, బడికంటె ముందే."

మొదటి అయిదు కార్డుల మీద బొంబాయి ముద్రలు. అన్నీ మసకే. వాటిని పక్కన పెట్టాను. ఆరోది తీసి అద్దం కింద పెట్టాను. పులి చెవి పక్కన గుండ్రంగా, గీత కూడా చెదరకుండా, కొత్త సిరాతో కొట్టినట్టున్న ముద్ర. తర్వాతిది చూశాను. దానిమీదా అదే. ఇరవై ఏళ్లుగా నేను వెతుకుతున్నది నా బల్లమీద ఇరవయ్యారు కార్డుల మీద ఉంది.

"ఇగో, ఇట్ల రామ్మా, ఇది సూడు," అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. "తక్కినవాటికి ఏం రాదుగాని, ఇవి నేనే తీసుకుంట. పటాన్‌చెరు ముద్ర ఇంత సాఫ్‌గ పడ్డది నేను ఇప్పటిదాంక సూడలే."

ఆమె ముందుకు వంగి చూసింది. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ వేలితో చుట్టూ తిప్పింది.

"పటాన్‌చెరా?"

"అవునమ్మా."

"బొంబాయికెల్లి వచ్చే కార్డులు పటాన్‌చెరుకు వచ్చి, ఆడికెల్లి మా ఊరికి వస్తయేమో గద సార్?"

అప్పుడు నేను అవునని ఉంటే సరిపోయేది. ఆమె తనంతట తానే నాకు దారి చూపింది. కాని ముప్ఫై ఏళ్లు తరగతి గదిలో తప్పు జవాబులు దిద్దిన నోరు.

"లేదు లేదు. డబ్బాల ఏడ ఏస్తె ఆ ఊరి ముద్రనే బిళ్లమీద పడ్తది. ఇవి పటాన్‌చెరులనే ఏసినయి."

మాట బయటికి వచ్చాక తలెత్తి ఆమె ముఖం చూశాను. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

ఆమె ఏడవలేదు. కార్డులను ఒక్కొక్కటే తన ముందుకు లాక్కుని, ముద్ర చూసి, వెనక్కి తిప్పి చదివి పక్కన పెట్టింది. ప్రతి కార్డూ 'ప్రభువు నామమున వందనములు' అని మొదలవుతుంది. ఒకదానిలో, ఇక్కడ వానలు ఆగకుండా పడుతున్నాయి, రైళ్లు నిలిచిపోయాయి అని ఉంది. ఇంకొకదానిలో సముద్రం ఒడ్డున గవ్వలు ఏరి పెట్టాను, వచ్చేటప్పుడు బిడ్డకు తెస్తాను అని ఉంది. రెండింటి మీదా పటాన్‌చెరు ముద్రే. ఆమె ఊరికి పటాన్‌చెరు నలభై కిలోమీటర్లు కూడా ఉండదు.

నా భార్య చాయ్ తెచ్చి అక్కడ పెట్టింది. ఆమె ముట్టుకోలేదు. మూట కట్టుకుని లేచి, "వస్త సార్," అంది. గేటు దాకా వెంట వెళ్లాను.

లోపలికి వచ్చాక నా భార్య అంది: "ఆమె అడిగినప్పుడు అవునంటె అయిపోతుండె గద. మీ ముద్ర మీకు దొరికిందని సంబురపడితిరి."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అన్నా బాగుండేది.

పది రోజులకు ఆమె ఫోన్ చేసింది. చిన్నప్పుడు తమ ఊరికి కార్డులు తెచ్చిన పోస్టాయన బతికే ఉన్నాడా, నాకు తెలుస్తుందేమో కనుక్కోమంది. ఈ పిచ్చి పుణ్యమా అని జిల్లాలోని పాత తపాలా ఉద్యోగులు చాలామంది నాకు తెలుసు. కనుక్కున్నాను. ఎనభై దాటిన మనిషి, వాళ్ల ఊరి పక్క ఊళ్లో కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. ఒక్కదాన్నే వెళ్లలేనంది. సంగారెడ్డి బస్టాండు నుంచి ఇద్దరం ఆటోలో వెళ్లాం.

ముసలాయన అరుగుమీద నులకమంచంలో కూర్చుని ఉన్నాడు. ఆమె ఫలానా ఆమె బిడ్డనని చెప్పగానే గుర్తుపట్టాడు. తల్లి పోయిన సంగతి విని కళ్లు తుడుచుకున్నాడు. కార్డుల మాట ఎత్తేసరికి ముఖం తిప్పుకున్నాడు.

"ఏం కార్డులో ఏమో బిడ్డ. ఎన్ని ఊర్లు తిరిగిన, ఎన్ని కార్డులు ఇచ్చిన. యాదికి లెవ్వు."

ఆమె మూట విప్పి ఆరో కార్డు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూడలేదు, బొటనవేలితో ముద్ర ఉన్నచోట తడిమాడు.

"గీ ఠస్సా నువ్వు సూడలేదా మామా? నువ్వే గద సదివింది."

కార్డు తిరిగి ఆమె చేతిలో పెట్టి, మెల్లగా చెప్పాడు.

"సూసిన బిడ్డా. సూసి మీ అమ్మకు చెప్పిన. 'చెల్లె, ఇది బొంబాయిది కాదు, నీ పెనిమిటి పటాన్‌చెరుల ఉన్నడు' అన్న. ఆమె చేతుల చాట ఉండె. కింద పెట్టలే. 'ఏం రాసిండో సదువు అన్నా' అన్నది. సదివిన. బొంబాయి వానలని రాసిండు. అంత ఇన్నది. 'ఈ ముచ్చట నీ దగ్గర్నే ఉంచుకో. ఎవలడిగినా బొంబాయికెల్లే వచ్చిందని చెప్పు. నా బిడ్డకు అస్సలే చెప్పకు' అన్నది."

"మరి పోయి అడగలేదా అమ్మ?"

"పోయింది. ఒక్కసారి పోయింది. ఆదివారం అంగడి రోజు. ఏడ ఉంటడో ఎట్ల కనుక్కున్నదో నాకు తెల్వదు. మల్ల నేను కార్డు తెచ్చిననాడు అడిగిన. 'సూసిన అన్నా, బాగనే ఉన్నడు' అన్నది. ఇంకొకామె ఉండెనట, చంకల ఏడాది పిల్లగాడు ఉండెనట. దూరంకెల్లి సూసి వచ్చింది. మాట్లాడలే. గంతే బిడ్డ నాకు తెల్సింది."

"తర్వాత గూడ నాలుగేండ్లు కార్డులు వచ్చినయి గద మామా."

"వచ్చినయి. తెచ్చినప్పుడల్లా సదివించుకున్నది. ఒకటికి రెండుసార్లు సదివించుకునేది, నీకు చెప్పాలె గద, మరిచిపోవద్దని."

ఆమె అరుగుమీద చతికిలబడింది. ఆ తర్వాత చెప్పిన మాటలు నాతో చెప్పిందో, ముసలాయనతో చెప్పిందో, తనలో తానే చెప్పుకుందో నాకు తెలియదు.

"ఆ ఆదివారం నాకు యాదికున్నది. అమ్మ ఏనాడు ఆరాధన ఇడిసిపెట్టలే. ఆ ఒక్కవారం నన్ను చర్చి అయ్యగారి ఇంట్ల ఉంచి పోయింది. పొద్దుగూకినంక వచ్చింది. నాకు ఎర్రగాజులు తెచ్చింది. మీ నాయిన బొంబాయికెల్లి పంపిండని చెప్పి ఎక్కించింది. బడిల అందరికీ సూపిచ్చిన."

ముసలాయన తల దించుకున్నాడు.

"నాకు ఇరవై ఏండ్లప్పుడు అమ్మతోని పెద్ద లడాయి పెట్టుకున్న సార్. బొంబాయికి పోయి ఒక్కసారన్న ఎతికినవా, నీకు మొగడు అక్కర్లేకుంటె నాకు నాయిన అక్కర్లేదా అని. ఊరంత ఇనేటట్టు ఒర్రిన. 'బొంబాయి శాన పెద్దదంట బిడ్డా, ఏడ ఎతుకుత' అన్నది. గంతే అన్నది. నా పెండ్లయినంక నాలుగేండ్లు అమ్మతోని మాట్లాడలే. నా బిడ్డ పుట్టినా కబురు పంపలే. అప్పుడన్న చెప్పొచ్చు గద. ఒక్కమాట అంటె నా నోరు మూతపడు. నాలుగేండ్లు పడ్డది గాని చెప్పలే."

"నాకెందుకు చెప్పలే మామా," అని మళ్లీ అడిగింది ముసలాయన్ని. ఆయన "మాటిచ్చిన బిడ్డా," అన్నాడు. కోడలు నీళ్లు తెచ్చి ఇచ్చింది. ముగ్గురం అవి తాగాం.

తిరుగు ప్రయాణంలో ఆటోవాడు పాటలు పెట్టాడు, నేను ఆపమన్నాను. సంగారెడ్డి రోడ్డెక్కాక ఆమె అంది: "ఆ చంకల పిల్లగాడికి ఇప్పుడు నలభై ఉంటయి గద సార్. ఆడనే పుట్టి ఆడనే పెరిగితె ఆడనే ఏదో కంపెనీల ఉంటడు. నేను పద్నాలుగేండ్ల సంది పటాన్‌చెరుల పనిచేస్తున్న."

కావాలంటే ఎక్కడైనా అడిగి చూద్దామన్నాను, పాత కిరాయి ఇళ్ల వాళ్లనో, చర్చిల్లోనో. ఆమె వద్దంది. "అమ్మ దూరంకెల్లి సూసి వచ్చేసింది. నేను పోయి ఏమడగాలె."

ఆ సంగతి అక్కడితో ముగిసిందని నాకు నేను చెప్పుకున్నాను. రెండు నెలల తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది. పండక్కి ఫలహారం పంపాలి, అడ్రసు చెప్పమంది. చెప్పాక కూడా పెట్టెయ్యలేదు.

"సార్, మీతోని ఒకటి చెప్పాలె. నా బిడ్డకు గూడ చెప్పలే. షిఫ్ట్ ఇడిసినంక గేటు కాడ నిలవడ్తున్న. మొగోళ్లు బయటికొస్తుంటరు గద, నలభై ఏండ్లోళ్లు కనవడితె వాళ్ల మొఖం సూస్తున్న. మా నాయిన ముక్కు నాకొచ్చిందని అమ్మ అంటుండె. ఆ ముక్కు ఎవలికన్న ఉన్నదా అని. బిహారోళ్లను గూడ సూస్తున్న సార్, వాళ్లు కాదని తెల్సినా. మొన్న ఒకాయన 'క్యా దేఖ్ రహీ హో' అని అడిగిండు. సిగ్గయింది. మల్ల తెల్లారి గట్లనే నిలవడ్డ."

కొన్నాళ్లకు తగ్గుతుందమ్మా అన్నాను. తగ్గుతుందో లేదో నాకేం తెలుసు. ఫోన్ పెట్టాక చాలాసేపు వరండాలో కూర్చున్నాను. ఒక ముసలి తల్లి నలభై ఏళ్లు మోసిన బరువు. బిడ్డకు అంటకుండా మోసి, తనతో పాటే మట్టిలోకి తీసుకుపోయింది. నేను అద్దం పెట్టి చూసి దాన్ని బిడ్డ నెత్తిన పెట్టాను, అదీ సంతోషంతో.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. వాళ్ల అమ్మ పోయి ఏడాదైన రోజున ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, నన్నూ నా భార్యనూ పిలిచింది. బస్సులో వెళుతున్నంతసేపూ నా మనసులో ఒక మూల ఆ కార్డుల ఆలోచన మెదులుతూనే ఉంది. అన్నీ కాదు, ఇరవయ్యారింటిలో ఒక్కటి అడిగితే ఏమనుకుంటుంది అని. ఇంత జరిగాక కూడా. నా పక్కన కూర్చున్న భార్యకు ఆ ఆలోచన కనిపిస్తుందేమోనని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అడగలేదు. కాని అడగాలనిపించింది, అది నిజం.

చర్చి చిన్నది, రేకుల కప్పు. అరవై డెబ్బైమంది వచ్చారు. మేము వెనక వరసలో కూర్చున్నాం. పాటలు, ప్రార్థన అయ్యాక అయ్యగారు తల్లి గురించి నాలుగు మాటలు సాక్ష్యంగా చెప్పమని ఆమెను పిలిచారు. ఆమె లేచి, కొంగు నెత్తిన సర్దుకుని, మైకు పట్టుకుంది. ఏం చెబుతుందోనని నేను ముందుకు వంగాను. ముందు వరసలో పోస్టాయన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, కొడుకు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

"మా అమ్మ కూలి చేసి నన్ను సాదింది," అంది ఆమె. "మా నాయిన పనికోసం బొంబాయికి పోయిండు. ఏడేండ్లు కార్డులు రాసిండు. తర్వాత ఏమైందో దేవునికే తెల్సు. అమ్మ ఏనాడు ఎవలిమీద ఒక్కమాట అనలే. నేను అమ్మను మస్తు మాటలన్న. అమ్మ బతికుండంగ మాఫీ అడగలే. ఇప్పుడు మీ అందరి ముందర అడుగుతున్న."

ఆమె మైకు అయ్యగారికి ఇచ్చేసింది. ముందు వరసలోని ఆడవాళ్లు ఏడ్చారు. ఊరంతటికీ ఆ కథ తెలుసు, అంటే బొంబాయి కథ తెలుసు. పోస్టాయన ముఖం నాకు కనిపించలేదు, వెనకనుంచి మెడ మాత్రం కనిపించింది. అది కదల్లేదు.

భోజనాల దగ్గర ఆమె తనే వచ్చి మా విస్తర్లలో బగారన్నం వడ్డించింది. ఇంకొంచెం పెట్టించుకోమని నా భార్యను బలవంతపెట్టింది. సన్నబడింది. కళ్లకింద నల్లగా ఉంది. చేతులు కడుక్కుని వస్తుంటే చర్చి గోడ పక్కన మాతో పాటు నిలబడింది.

"ఫ్యాక్టరీ మానేసిన సార్. మీకు చెప్పలే గద."

"ఎప్పుడమ్మా? మంచి పనే గద అది, పద్నాలుగేండ్ల సర్వీసు."

"మూడు నెలలాయె. సదాశివపేట దిక్కు ఆడపిల్లల హాస్టల్ల వంటపనికి చేరిన. జీతం తక్కువ. పొద్దుగాల నాలుగింటికి లేవాలె, రెండువందల మందికి టిఫిను." ఆమె చేతిలోని ఖాళీ గిన్నెను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "అయినా ఆడ బాగనే ఉన్నది సార్. అందరు ఆడోళ్లే. ఎవల మొఖాలు సూసే పనిలేదు."

నా భార్య ఆమె భుజంమీద చెయ్యి వేసింది. ఇంకెవరో వడ్డనకు పిలిస్తే ఆమె గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లింది.